లారీ పట్టతో కుట్టిన బ్యాగు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఒక బస్సు, అక్కడి నుంచి మైలవరం దారిలో ఉన్న మా బడికి ఇంకో బస్సు. ఏడేళ్లు అలా తిరిగాను. మొదట్లో చేతిసంచీతోనే పోయేదాన్ని. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో సంచీ పట్టుకుంటే కొంగు సర్దుకోవడానికి చేయి మిగిలేది కాదు. ఒకసారి వానకు పిల్లల పరీక్ష పేపర్లన్నీ తడిసి ముద్దయ్యాయి. మరునాడే ప్రొద్దుటూరులో, సరుకు మీద కప్పే లారీ పట్టలు కుట్టే ముసలాయన దగ్గరకు పోయి, రెండు భుజాలకు తగిలించుకునే బ్యాగు కుట్టమన్నాను. ఆయన ఆడమనిషికి అలాంటిది ఎప్పుడూ కుట్టలేదట. కోడలిని పిలిచి నా వీపు జానలతో కొలిపించాడు. రెండు పొరల పట్ట, మూడు వరసల కుట్టు. పుస్తకాలకు ఒక అర, క్యారియరుకు ఒక అర.

చీర మీద ఆ బ్యాగు చూసి బస్సులో నవ్వుకునేవాళ్లు. కండక్టరు మిలిటరీ మేడమ్ అని పేరు కూడా పెట్టాడు. నాకేం పట్టలేదు. సెలవులకు పులివెందులలో మా అక్క ఇంటికి పోవాలన్నా రెండు చీరలు అందులోనే పెట్టుకునేదాన్ని.

ఊళ్లలో ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. బడి ఉన్న ఊళ్లో పై వీధికి ఒక పార్టీ జెండా, కింది వీధికి ఇంకో పార్టీ జెండా. పోలీసులు బస్సులాపి బాంబుల కోసం మగవాళ్ల సంచులు తడిమేవారు. టీచరునని నా బ్యాగు మాత్రం ఎవరూ తెరవమనలేదు.

కింది వీధిలో, మూడో తరగతి చదివే ఒక పిల్ల తల్లికి ఆ సంగతి తెలుసు. ఆమె భర్త గొర్రెలు మేపుకునేవాడు. ఒక కొట్లాట కేసులో అతని పేరు రాయించారు. ఊళ్లో ఉంటే పై వీధి వాళ్లు బతకనివ్వరని ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పనికి చేరాడు. ఎనిమిది నెలలుగా పిల్ల మొహం చూడలేదు. ఒక సాయంత్రం ఆమె బడి గేటు దగ్గర నన్ను ఆపి, “టీచరమ్మా, రొట్టెలిస్తే ఆయప్పకు అందిస్తావా?” అనింది.

నేను వెంటనే చేయి చాపలేకపోయాను. మూట కనబడితే అందరికీ వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. ఆమె అది గమనించి, అక్కడే కింద కూర్చుని మూట విప్పింది. నాలుగు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, ఉతికిన చొక్కా. చొక్కా మడత కూడా విప్పి దులిపి చూపించింది. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత ప్రతి వారం, నేను వద్దన్నా, విప్పి చూపించాకే ఇచ్చేది.

అతను ప్రొద్దుటూరు బస్టాండులో కొళాయి దగ్గర నిలబడి ఉండేవాడు. పొట్లం తీసుకుని, పాపకు ఎక్కాలు వచ్చాయా అని అడిగేవాడు. ఒకరోజు, పై వీధి పెద్దాయన ఊరికి వస్తున్నాడా అని కూడా అడిగాడు. మంగళవారం బడి పక్కన జీపు ఆపాడని మామూలుగా చెప్పేశాను.

మా బడి ఆయాది పై వీధి. కింది వీధి వాళ్ల బాంబు దాడిలో ఆమె తమ్ముడి కుడిచేయి పోయింది. రెండు వారాల తర్వాత, నేను బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ బ్యాగులో ఎవురికి రొట్టెలు పోతాండాయో నాకు తెల్సు టీచరమ్మా. మావోళ్లకు చెప్పలే, చెప్పను. ఆయప్ప గూడా తినాల గదా. రొట్టెలు ఎత్తుకపో. మావోళ్లు యాడికి పోతాండారు, ఎప్పుడొస్తాండారు, ఆ మాటలు మాత్రం మోయొద్దు.”

జీపు సంగతి ఆమె దగ్గర దాచలేదు, ఒకసారి చెప్పానని ఒప్పుకున్నాను. ఆ పెద్దాయనకు ఏమీ కాలేదు, అది మా ఇద్దరి అదృష్టం. ఆమె నా బ్యాగు ఎత్తి ఇచ్చి, బస్సు పోతుంది, లేవమంది.

ఆ సాయంత్రం బస్టాండులో, భార్యాబిడ్డల సంగతులు తప్ప ఇంకేమీ చెప్పనని అతనితో అన్నాను. అతను తల వంచుకున్నాడు.

“ఆయన ఊర్లో ల్యాకపోతే ఒక పూట వొచ్చి పాపను చూసిపోదామని అడిగినా మేడమ్. అంతే.”

అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తండ్రి పోలేకపోతే పిల్లే రావచ్చు కదా అనిపించింది. తల్లి సరేనంది గానీ, బస్సు ఎక్కనిస్తారా అని భయపడింది. అందుకని చాటుగా కాక, ముందు ఆయాకే చెప్పాను. శనివారం తీసుకుపోయి సోమవారం తెస్తానన్నాను. ఆమె ఆలోచించి, తానూ స్టాపు దాకా వస్తానంది.

శనివారం మేం పోయేసరికి స్టాపు దగ్గరి టీ అంగట్లో పై వీధి మగవాళ్లు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఆయా పిల్ల చేయి పట్టుకుని వాళ్ల ఎదురుగానే నిలబడింది. ఎవరి బిడ్డో తెలుసా అని ఒకడు అడిగితే, మా బడి బిడ్డ అని చెప్పి మొహం తిప్పుకుంది. బస్సు రాగానే తనే పిల్లను ఎత్తి మెట్టు మీద నిలబెట్టింది.

ప్రొద్దుటూరులో ఆ పిల్ల గడ్డం పెంచుకున్న తండ్రిని గుర్తుపట్టక నా వెనక దాక్కుంది. అతను దగ్గరికి రాకుండా, కొంచెం దూరంలోనే గొంతుక్కూర్చుని, ఏడో ఎక్కం చెప్పమని అడిగాడు. ఆ గొంతు విన్నాక నా కొంగు వదిలింది.

మరుసటేడు తల్లి గొర్రెలు అమ్మేసి పిల్లతో ప్రొద్దుటూరుకే వెళ్లిపోయింది. నేను టీసీ రాస్తుంటే ఆయా గది ఊడుస్తోంది. ఆ పిల్ల కూర్చునే చోట చీపురు ఆపి, అక్షరాలు గుండ్రంగా రాసేదని మాత్రం అంది.