పాలు పోయాల్సిన చోటు

అల్లూరులోని నా రిపేరు షాపుకి వచ్చేవి ఎక్కువగా రొయ్యల గుంటల సర్క్యూట్ బోర్డులే. నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లను నడిపే ఆ కంట్రోలర్లు ఉప్పుగాలికి మొరాయిస్తాయి. చిప్పు పక్కన నాలుగు లోహపు చుక్కలుంటాయి. వాటికి వైర్లు అతికించి కంప్యూటరుకు కలిపితే లోపలికి దారి దొరుకుతుంది. పాతదంతా చెరిపెయ్యడం, కొత్త ప్రోగ్రాం ఎక్కించడం, ఇచ్చి పంపడం. రొయ్యకి గాలాడకపోతే రైతు ఆగలేడు కాబట్టి నేనూ ఆగేవాణ్ణి కాదు. నా చేతివేగం చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

పోయిన వేసవిలో పట్టపుపాలెం నుంచి ఒకామె వచ్చింది. తువ్వాల్లో చుట్టిన జీపీఎస్ సెట్టు బల్ల మీద పెట్టింది. ఆమె భర్త వేటలో పడవ మీంచి జారిపోయాడు. శవం కూడా దొరకలేదు.

"ఆ పడవలోనే ఉన్న మా బావ, ఆయన అన్న, అప్పుడే బటన్ నొక్కి గుర్తు పెట్టినాడన్నా. ఆ చోటు దీంట్లోనే ఉండాది. ఎల్లుండికి సంవత్సరం. పడవలో తీసకపోతానన్నాడు, అక్కడ పాలు పోసి రావాల" అంది.

"రేపు సాయంత్రం రామ్మా" అన్నాను. విన్నాను, బాగానే అర్థమైంది. అదే నన్ను ఈరోజుకీ తినేస్తోంది.

మధ్యాహ్నం రెండు ఏరియేటర్ బోర్డుల నడుమ ఆ సెట్టు విప్పాను. స్క్రీన్ వెలగడం లేదు. వైర్లు అతికించాను. చిప్పుకి తాళం ఉంది, తీస్తే లోపలున్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది. ప్రతి బోర్డుకీ అడుగుతుంది. ఎప్పటిలాగే చదవకుండా సరే నొక్కి, ప్రోగ్రాం ఎక్కించేశాను.

అయినా స్క్రీన్ వెలగలేదు. అప్పుడు చూశాను, స్క్రీన్ కనెక్టరు ఉప్పుకి పచ్చగా చిలుముపట్టి ఉంది. స్పిరిట్ వేసి బ్రష్షుతో రుద్దితే వెంటనే వెలిగింది. జబ్బు అంతే. చిప్పుకి ఏమీ కాలేదు, నా చేతిలో పడేదాకా.

గుర్తుల జాబితా ఖాళీగా ఉంది. వైర్లు మళ్ళీ మళ్ళీ అతికించి వెతికాను. సముద్రంలో ఆ చోటు చెప్పే అంకె ఒక్కటీ దొరకలేదు.

మర్నాడు ఆమె బావను వెంటబెట్టుకుని వచ్చింది. ఏదో ఒక అంకె పెట్టి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. సిగ్గు లేకుండా ఆ ఆలోచన కూడా చేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తూర్పుగా రెండు గంటలు పోయినాం. అంతకంటే నాకు తెలీదు" అన్నాడు బావ, తల దించుకుని.

ఆమె సెట్టు చేతిలోకి తీసుకుంది. స్క్రీన్ మీద ఒక్క చుక్క మెరుస్తోంది.

"ఉండాదే. ఇదేనా అన్నా?"

"అది మనం నిలబడిన చోటమ్మా."

చాలాసేపు ఆ చుక్కనే చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపం లేదు, నిజంగానే అడిగింది.

"అయితే పాలు ఇంక యాడ పొయ్యాలన్నా?"