ఉరిమే పెట్టె

ఆదివారం తీరిక దొరికితే ముందుగదిలో ఉన్న పాత గిటార్ యాంప్లిఫయర్‌ని ఆన్ చేస్తాను. లోపలి గాజు వాల్వులు వేడెక్కడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో, పాట కంటే ముందు, స్పీకరుకు కప్పిన బూడిదరంగు గుడ్డలోంచి వెచ్చబడ్డ మిరపదుమ్ము వాసన వస్తుంది. ఎన్నిసార్లు దులిపినా అది పోలేదు, పోవాలని నేను పెద్దగా కోరుకోనూ లేదు. ఆ ఘాటుకి ఒక్క తుమ్ము వచ్చిందంటే చాలు, సత్తెనపల్లి దగ్గరి మా ఊరూ, మా ఇంటి వసారా, అందులో కప్పు దాకా పేర్చిన మిరపకాయల గోనె టిక్కీలూ, వాటి మధ్య రెండు జడలతో తిరిగే నేనూ కళ్ళముందుకొస్తాం.

మాఘమాసం వచ్చిందంటే మా ఊరు ఎర్రబడేది. కోసిన కాయంతా కళ్ళాల్లో పరిచి ఆరబెడితే, మేడెక్కి చూసేవాళ్ళకి పొలాల మధ్య ఎవరో ఎర్ర దుప్పట్లు ఉతికి ఆరేసినట్టుండేది. నాయనమ్మ పండుమిరపకాయల్ని చింతపండుతో కలిపి రోట్లో తొక్కి, వేడి అన్నంలో ఆ పచ్చడి వేసి, పైన నెయ్యి పోసి ముద్దలు పెడుతుంటే, ఏడుస్తూనే ఇంకో ముద్దకి చేయి చాపేవాళ్ళం. టిక్కీల వెనక దాగుడుమూతలు ఆడితే దొంగకి మమ్మల్ని వెతికే పనే ఉండేది కాదు, తుమ్ము విని వచ్చి పట్టేసుకునేవాడు. అంత సందడిలోనూ పెద్దవాళ్ళ చెవి ఒకటి ఎప్పుడూ ఆకాశం వైపే ఉండేది. ఆరుతున్న కాయ తడిస్తే తెల్లబారి తాలుకాయ అయిపోతుంది, గుంటూరు మిరప యార్డులో దాన్ని అడిగేవాడుండడు. అందుకని ఎక్కడ ఉరుము వినబడినా, పెళ్ళి పంక్తిలో భోంచేస్తున్నవాళ్ళయినా సరే, ఎంగిలి చేత్తో లేచి కళ్ళానికి పరిగెత్తి కాయ మీద టార్పాలిన్లు కప్పేవాళ్ళు. పెళ్ళివారు కూడా ఏమీ అనుకునేవాళ్ళు కాదు, వాళ్ళూ ఆ పరుగులోనే ఉండేవాళ్ళు.

అలాంటి ఊళ్ళో నాకు గిటార్ పిచ్చి ఎక్కించినవాడు మా మేనమామ. విశాఖపట్నం రేవులో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. వేసవి సెలవుల్లో నాకు నేర్పి, తన పాత ఎలక్ట్రిక్ గిటార్‌ని నాకే ఇచ్చేసి, దాంతోపాటు ఓడ దిగిన నావికుడెవరి దగ్గరో సంపాదించిన క్యాసెట్ ఒకటి చేతిలో పెట్టాడు. అందులో మాటల్లేవు, అన్నీ గిటార్లే. పలక మీద నిలబడి కెరటాల మీద జారే కుర్రాళ్ళ కోసం పుట్టిన సంగీతమట, సర్ఫ్ మ్యూజిక్ అంటారట. తీగని ఆపకుండా గబగబా మీటుతుంటే ఒక్కో స్వరం నీళ్ళలో మునిగి లేచినట్టు తడితడిగా వినబడేది. పదో తరగతిలో ఉండగా, బడి వార్షికోత్సవానికి అలాంటి పాట ఒకటి సొంతంగా కట్టి వాయిస్తానని హెడ్‌మాస్టారుకి మాటిచ్చేశాను. గిటార్ ఉంది, వేళ్ళూ బాగానే ఆడుతున్నాయి, లేనిదల్లా ఆ తడి. అది లేకపోతే నా పాట డబ్బా మీద పుల్లతో కొట్టినట్టుంటుందని నాకు ఒకటే దిగులు.

ముందు జానీబాషా బాబాయి మైకుసెట్టుతో ప్రయత్నించాం. పెళ్ళయినా, పీర్ల పండగయినా, ఎన్నికలయినా మా ఊళ్ళో ఆయన హారన్లే మోగాలి. తన యాంప్లిఫయర్‌లో ఎకో ఉంది కాబట్టి సముద్రం అందులోంచే వస్తుందని ఆయన ఎంతో ధీమాగా మీట తిప్పాడు. నేను తీగ మీటితే అదే ముక్క మళ్ళీ మళ్ళీ వెనక్కొచ్చింది, బావిలోకి వంగి కేకేసినట్టు. తడి మాత్రం లేదు. బాబాయి ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, ఇది మాటలకి చేసిన పెట్టె, పాటకి వేరే ఉంటుంది, గుంటూరు వెళ్ళి చూసుకోమన్నాడు. మావయ్యకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, ఎక్కువ మీటలున్నదాని జోలికి పోవద్దనీ, గొంతు బొంగురుపోకుండా శుభ్రంగా పలికేది, లోపల స్ప్రింగులుండేది చూడమనీ, స్వరాన్ని తడిపేది అవేననీ, వాటి మీట మీద రివర్బ్ అని రాసి ఉంటుందనీ చెప్పాడు.

కొనేది తాతయ్య. ఒక్క పెట్టే కొంటాననీ, తెచ్చాక బాగాలేదని ఏడిస్తే అందులో కోళ్ళని పెంచుతాననీ ముందే తేల్చేశాడు. తాతయ్యకి ఏ వస్తువునైనా చేత్తో కొట్టి చూడందే నమ్మకం కుదరదు. పుచ్చకాయని తట్టేవాడు, కుండని వేలి కణుపుతో మోగించేవాడు, ఎండిన కాయని చెవి దగ్గర ఆడించి గింజల గలగల వినేవాడు, ఎద్దుని కొనేముందు వీపు మీద ఒక్క చరుపు చరిచేవాడు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని, గిటార్ భుజానేసుకుని, బ్రాడీపేటలోని వాద్యాల దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు ముందుగా నల్లగా నిగనిగలాడే కొత్త పెట్టె ఒకటి చూపించాడు. ఎర్ర దీపాలూ, వరసగా మీటలూ, ఇప్పటి పిల్లలందరూ ఇదే తీసుకెళ్తున్నారని పొగడ్తలూ. వాయిస్తే కట్టెల అడితిలో రంపం పెట్టినట్టు అరిచింది. తాతయ్య చెవులు మూసుకున్నాడు. ఇంకోటి చిన్నది, పాపం మంచిదే, కానీ దాని గొంతు మా పెరట్లోకి కూడా వినబడేలా లేదు. మూలన దుమ్ము కొట్టుకుని, బూడిదరంగు గుడ్డతో, ఇద్దరు మోస్తే గానీ కదలని పాతది ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేయించి, మావయ్య చెప్పినట్టు రివర్బ్ అని రాసి ఉన్న మీట తిప్పుతున్నాను. ఇంతలో తాతయ్య, అలవాటు కొద్దీ, దాని నెత్తిన అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

దుకాణమంతా ఉరిమింది. గాజు బీరువా అద్దాలు అదిరాయి. తాతయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, గుమ్మంలోంచి తలెత్తి ఆకాశం చూసి వచ్చాడు.

"పెద్దాయనా, అట్టా కొట్టమాకండి. లోపల స్ప్రింగులుంటాయి, కదిలిస్తే ఇట్టా మోగుద్ది. ఈ గోలకే దీన్ని ఎవరూ తీసుకోవట్లా" అన్నాడు దుకాణదారు.

నేను ఆ మాట పూర్తికాకుండానే తీగ మీటాను. స్వరం నీళ్ళలో మునిగి, తడిసి, పైకి లేచింది. ఆనందంతో నాకు ఏడుపొచ్చేసింది. తాతయ్య నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా పెట్టె కట్టమన్నాడు.

వార్షికోత్సవం సరిగ్గా కళ్ళాల్లో కాయ ఆరే రోజుల్లోనే పడింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ మబ్బు పట్టింది. వాయిదా వేద్దామా అని హెడ్‌మాస్టారు నసిగితే, నా ప్రాణం పోయినంత పనయింది. చివరికి సాయంత్రం వెలుగుండగానే మొదలుపెట్టారు. బడి బల్లలు కలిపి కట్టిన వేదిక మీద నా పెట్టె, దాని ముందు మైకు, బడి కప్పు మీద జానీ బాబాయి హారన్లు, ఎదురుగా కుర్చీల్లో ఊరంతా. వాయించడం మొదలుపెట్టాను. బాగా వస్తోందని నాకే తెలుస్తోంది. ఆ ఉత్సాహంలో కాలితో గట్టిగా తాళం వేశాను. బల్ల ఎగిరింది, దాంతో పెట్టె కూడా ఎగిరి పడింది. హారన్లలోంచి ఊరి నలుమూలలకీ ఫెళఫెళమని ఉరుము దొర్లింది.

ఒక్కసారిగా కుర్చీలన్నీ వెనక్కి పడ్డాయి. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దరైతు మెళ్ళో దండతోనే దూకాడు. మా నాన్న, బాబాయిలు, నాయనమ్మ, హెడ్‌మాస్టారు కూడా, అందరూ కళ్ళాల వైపు పరుగో పరుగు. అది వాన కాదు, నా పెట్టె అని నేను మైకులో అరుస్తున్నా వినేవాడు లేడు. చూస్తుండగానే బడి ఆవరణంతా ఖాళీ. నా వేళ్ళు ఆగిపోయాయి.

ముందు వరసలో ఒక్క కుర్చీ మాత్రం నిండుగా ఉంది. తాతయ్య కండువా సర్దుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆపావేందమ్మాయ్? వాయించు" అన్నాడు.

ఆయన ఒక్కడి కోసం పాట మొదటినుంచీ వాయించాను. సగంలో జనం రొప్పుకుంటూ, చినుకు కూడా పడలేదని నవ్వుకుంటూ, నన్ను తిట్టుకుంటూ తిరిగొచ్చారు. పాట అయ్యాక ఆ ఉరుము ఇంకోసారి వేయమని పిల్లలూ, వాళ్ళకంటే ఎక్కువగా పెద్దలూ పట్టుబట్టారు.

ఇంటికి నడుస్తూ తాతయ్యని మెచ్చుకున్నాను, దుకాణంలో విన్నావు కాబట్టి అది పెట్టె ఉరుమని నువ్వొక్కడివే భలే కనిపెట్టావని.

"నాకేం తెలుసే? ఆకాశమే ఉరిమిందనుకున్నా" అన్నాడు.

మరి ఎందుకు లేవలేదని అడిగాను.

"అందరం లేస్తే నువ్వెవరికి వాయిస్తావు?"

ఇప్పుడు మా ఊరి కళ్ళాలు చాలావరకు ఇళ్ళ స్థలాలైపోయాయి. వాన సంగతి సెల్‌ఫోన్లు ముందే చెప్పేస్తున్నాయి, ఉరుముకి పంక్తిలోంచి లేచేవాళ్ళు లేరు. జానీ బాబాయి హారన్లు పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత నేను గుంటూరులో, విజయవాడలో, విశాఖలో ఎన్నో వేదికల మీద వాయించాను, లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. కళ్ళంలో కాయ పెట్టుకుని, ఉరుము చెవిన పడ్డా, నా కోసం లేవకుండా కూర్చున్నవాడు మాత్రం ఆయనొక్కడే.