తాడు పట్టిన చెయ్యి

తిత్లీ తుపాను వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పలాస ప్రాజెక్టుకు సీడీపీవోగా బదిలీ చేశారు. సీడీపీవో అంటే శిశు అభివృద్ధి పథకం అధికారి. అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు పైన, జిల్లాలో ప్రాజెక్టు డైరెక్టరుకు కింద. పైవాళ్ళు గుడ్లు ఎందుకు పంచలేదని అడుగుతారు, కిందివాళ్ళు గుడ్లే రాలేదంటారు. ఈ రెండు మాటల మధ్య కూర్చోవడమే మా ఉద్యోగం అని మా ఆయన అనేవారు. ఆయన చెప్పింది చాలావరకు నిజమే గనుక నేనెప్పుడూ వాదించలేదు.

అప్పుడప్పుడు కోర్టు నుంచి మరో రకం పని వచ్చేది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది తల్లిదండ్రుల మధ్య తగువైతే, ఇంటికి వెళ్ళి చూసి రమ్మని జడ్జిగారు మాలాంటి వాళ్ళను ఆదేశిస్తారు. మేమిచ్చేదాన్ని సాంఘిక విచారణ నివేదిక అంటారు. బిడ్డను ఎవరికివ్వాలో అందులో రాయకూడదు, చూసింది మాత్రమే రాయాలి. ఆ ఏడాది దసరా సెలవులకు ముందు టెక్కలి కోర్టు నుంచి నాకు వచ్చిన ఉత్తర్వు అలాంటిదే. అర్జీదారు పేరు మరిసెల్, దేశం ఫిలిప్పీన్స్, చిరునామా వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక చేపలూరు. మా గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి, అచ్చు తప్పేమో కనుక్కోమంటారా అని అడిగాడు.

తప్పేమీ లేదు. ఆ ఊరి దానయ్య దుబాయిలో వెల్డింగు పనిచేసేవాడు. అక్కడ హోటల్లో గదులు ఊడ్చే మరిసెల్‌తో పరిచయమైంది. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్ళి చేసుకుని ఊరికి తీసుకొచ్చాడు. పాప సంధ్య పలాసలోనే పుట్టింది. తర్వాత దానయ్య గుజరాత్ రేవుకు బోటు పనికి వెళ్ళి, అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. మరిసెల్ విడాకులకు అర్జీ పెట్టింది. వాళ్ళ దేశంలో ఆమెలాంటి వాళ్ళకు విడాకుల చట్టమే లేదట. ఆ లెక్కన నువ్వు అదృష్టవంతురాలివని ఆమె తరఫు లాయరు, న్యాయసేవా సంస్థ ఉచితంగా ఇచ్చిన ఒక చిన్న వయసు అమ్మాయి, ఆమెకు ధైర్యం చెప్పేదట. మరిసెల్ అందుకు ప్రత్యేకంగా సంతోషించినట్టు లేదు.

విడాకులకు దానయ్య ఒప్పుకున్నాడు. పిల్లను మాత్రం తన తల్లి ఎర్రమ్మ దగ్గర ఉంచాలన్నాడు. అతని లాయరు వాదన గట్టిదే. భార్యగా వచ్చిన విదేశీయురాలి వీసా ఏటా పొడిగించాలంటే భర్త ఉత్తరం ఉండాలి, ఈ ఏడాది దానయ్య ఆ ఉత్తరం ఇవ్వలేదు. కేసు తేలేదాకా ఆమెను ఉండనిస్తారు. తర్వాత పిల్ల తండ్రికి దక్కితే ఆమెకు ఇక్కడ ఉండటానికి కారణం లేదు, విమానం ఎక్కాలి. ఉండటానికే దిక్కు లేని మనిషికి, ఊళ్ళో ఎవరూ కాని మనిషికి, ఆరేళ్ళ ఆడపిల్లను ఎలా అప్పగిస్తారు అని అతని ప్రశ్న. జవాబు ఇవ్వలేకపోతే ఆ తల్లి బిడ్డను వదిలి ఒంటరిగా పోవాల్సిందే. నా నివేదిక ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలని నాకు తెలుసు.

నేను ఇంగ్లీషులో ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. మరిసెల్ వాకిట్లోకి వచ్చి, "కూకోండి మేడంగారూ, ఎండన పడొచ్చినారు, మంచినీల్లు తెత్తాను," అంది. ఆమె తెలుగు మొత్తం ఆ ఊళ్ళో నేర్చిందే గనుక వేరే రకం తెలుగు ఆమెకు రాదు. నా ఇంగ్లీషు ప్రశ్నలు సంచీలోనే ఉండిపోయాయి.

ఇలాంటి విచారణలో ఒకరి ఎదుట ఇంకొకరిని అడగకూడదన్నది నియమం. ఆ ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వసారా. అత్తాకోడళ్ళిద్దరూ వసారాలో ఎండుచేపలు ఏరుతున్నారు. ఒకరు బయటికి వెళ్ళండి అన్నాను. ఎక్కడికెళ్ళాలని ఇద్దరూ అడిగారు. నియమం అక్కడితో ముగిసింది.

ఎర్రమ్మను అడిగితే కొడుకు మాటే చెప్పింది, పిల్ల తన దగ్గరే ఉండాలని. ఆ తర్వాత చేపలు ఏరడం ఆపి, "పిల్లని ఈయమ్మకిచ్చీత్తే ఈల్ల దేశం అట్టుకుపోద్ది. నాను సూడగల్నా? ఈయమ్మ ఒక్కర్తీ ఎల్లిపోతే ఇల్లు ఇల్లులా ఉంతాదా? ఇద్దరూ ఉండాల. కోర్టోలకి అదే రాసియ్యమ్మా," అంది. కోర్టుకు అలా రాయడం కుదరదని చెప్పాను. మరి నువ్వెందుకొచ్చినావు అన్నట్టు చూసింది. నాకు కోపం రాలేదు, ఆమె మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నాను.

పాపను ఎవరి దగ్గర ఉంటావని నేరుగా అడగకూడదు. అందుకని రోజూ ఏం చేస్తావని అడిగాను. "అమ్మ కాడ తింతాను, నాన్నమ్మ కాడ తొంగుంతాను," అని చెప్పి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

మూడో మనిషి సాక్ష్యం కావాలి గనుక ఊరి కులపెద్ద, గురువులు అనే ఆయన కోసం తీరానికి వెళ్ళాను. అక్కడ పెద్ద వల లాగుతున్నారు. వలను పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో దింపి, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు తెచ్చి జనం లాగుతారు. ఒకప్పుడు అది మగవాళ్ళ పని. మగవాళ్ళలో సగం గుజరాత్‌కు, పారాదీప్‌కు వలసపోయాక ఆడవాళ్ళూ తాడు పడుతున్నారు. మరిసెల్ కూడా నా వెనకే వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, వరసలో తన చోట నిలబడింది. అది ఆమె చోటని నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ ఒక మనిషి పట్టేంత ఖాళీ అప్పటికే ఉంది.

నేను తాడు దాటబోయి ఇసకలో కాలు జారి, పడిపోకుండా దాన్నే పట్టుకున్నాను. అంతమంది ముందు వెంటనే వదిలేస్తే బాగుండదని కాసేపు లాగాను కూడా.

వల ఒడ్డుకొచ్చాక చేపలు కుప్పలు పోసి పేరుపేరునా పిలిచారు. చివర్లో "ఆపీసరమ్మ వాటా" అని పిలుపొచ్చింది. విచారణకొచ్చిన ఊళ్ళో ప్రభుత్వోద్యోగి ఏమీ తీసుకోకూడదని గురువులుకు నచ్చజెప్పాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. "తాడట్టినోలకి వాటా ఎయ్యకపోతే రేపు ఈ ఊర్ల తాడు ఎవులట్టుకుంతారమ్మా? నివ్వు తినవా, ఎవులికైనా ఇచ్చుకో. వాటా మాత్రం నీదే," అన్నాడు. అంగన్‌వాడీ పిల్లలకిద్దామంటే మెనూలో చేపలు లేవు. చివరికి వాటిని ఎర్రమ్మ వండింది, మా జీపు డ్రైవరు తిన్నాడు.

నివేదికలో ఇల్లు, ఆరోగ్యం, బడి వగైరా రాశాక, వల లాగడం, వాటాల పిలుపు గురించి కూడా ఒక పేరా రాశాను. ఏ శీర్షిక కింద పెట్టాలో తెలియక 'ఇతర విషయాలు' కింద పెట్టాను. మా డైరెక్టరు చూసి, ఇది అవసరమా అన్నారు. చూసిందే రాశానని చెప్పాను.

వాయిదా రోజున నివేదిక నాదేనని ధ్రువీకరించడానికి నన్నూ పిలిచారు. నా తర్వాత దానయ్య తరఫు సాక్షిగా గురువులు బోనెక్కాడు. ఆయన దానయ్యకు పినతండ్రి వరస, మాటిచ్చి వచ్చాడు. ఆమె పరాయిది కదా అని దానయ్య లాయరు అడిగితే అవునన్నాడు. ఊరితో ఏ సంబంధమూ లేదు కదా అంటే లేదన్నాడు. లాయరు తృప్తిగా కూర్చున్నాడు.

మరిసెల్ లాయరమ్మాయి లేచింది. నా పేరా చదివిందని అప్పుడే తెలిసింది నాకు. "అయితే పరాయిదని ఆమెకు మీ ఊళ్ళో వాటా ఎగ్గొట్టారన్నమాట," అంది.

గురువులు మొహం మారిపోయింది. "ఎవులన్నారమ్మా ఆ మాట? మా ఊర్ల తాడట్టినోలకి వాటా ఎగ్గొట్టడమేటి? పిల్ల నడక నేర్సినకాడి నుంచీ అట్టుకుంతంది. ఆ ఇంటి వాటా ఆయమ్మ పేరునే పిలుత్తన్నాం. కావాలంతే ఊరంతటినీ అడుగు!"

"మరి దానయ్య వాటా?"

"ఆడు తాడట్టుకుని ఎన్నాల్లయ్యింది? ఆడికేటి వాటా?"

దానయ్య లాయరు అభ్యంతరం చెప్పాడు. అభ్యంతరం చెబుతున్నది తన సొంత సాక్షి మాటకేనని జడ్జిగారు అతనికి గుర్తు చేశారు. కోర్టులో ఎవరూ నవ్వలేదు. గురువులు దిగుతూ నా వైపు చూసి, తనేమైనా తప్పు చెప్పాడా అన్నట్టు తల ఎగరేశాడు. నేను బల్ల వైపు చూశాను.

సంక్రాంతి దాటాక తీర్పు వచ్చింది. విడాకులు మంజూరయ్యాయి. ఆమె ఆ ఊళ్ళో స్థిరంగా ఉంటూ తన కష్టంతో బిడ్డను పోషిస్తోందని కోర్టు నమ్మి, సంధ్యను తల్లికే అప్పగించింది. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటించకూడదని, నాన్నమ్మకు దూరం చేయకూడదని షరతులు పెట్టింది. ఆ తీర్పు కాపీ చూపించాక మరిసెల్ వీసాకు దానయ్య ఉత్తరంతో పని లేకపోయింది.

రిటైరయ్యే ముందు చివరిసారి ఆ తీరానికి వెళ్ళాను. మరిసెల్ ఎర్రమ్మ ఇంట్లోనే ఉంటోంది. చట్టం ప్రకారం వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. వల ఒడ్డుకొచ్చాక ఆ ఇంటి వాటాకు ఎప్పటిలాగే మరిసెల్ పేరే పిలిచారు. విడాకులైన మనిషికి ఆ ఇంటి వాటా ఎలా ఇస్తున్నారని గురువులును అడిగాను. "ఇడాకులు దానయ్యకి ఇచ్చినాది గానీ తాడుకి ఇవ్వనేదు కదమ్మా," అన్నాడు. ఈసారి నేను తాడు ముట్టుకోకుండా జాగ్రత్తగా చుట్టూ తిరిగి వెళ్ళాను.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఒక మనిషి ఏ ఊరి మనిషో తేల్చాలంటే ఆ ఊరివాళ్ళను ఆ ప్రశ్న అడగకూడదు, వరస చూసుకుని జవాబు చెబుతారు. ఆ మనిషి రాకముందు ఆమె కోసం ఖాళీగా ఉంచిన చోటు ఎక్కడైనా ఉందేమో చూడాలి. ఆ తర్వాత నేను రాసిన నివేదికలన్నింటిలో 'ఇతర విషయాలు' అన్న శీర్షికను మొదటికి మార్చాను. డైరెక్టరు కార్యాలయం ప్రతిసారీ దాన్ని తిరిగి చివరికి మార్చేది.