మేకు లేని చెప్పులు

శౌరయ్య ముప్పై రెండేళ్లలో కుట్టిన చెప్పుల్లో ఒక్క మేకు కూడా లేదు. ఆయన తండ్రి ముదిగొండ రైతులకు కుట్టిన చెప్పుల్లో మాత్రం జతకు పద్దెనిమిది మేకులుండేవి. అరిగిన మేకు లోపలికి పొడుచుకొస్తే రైతు ఆ సాయంత్రమే వచ్చి తిట్టేవాడు. తండ్రి సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేసేవాడు. శౌరయ్య దగ్గరికి వచ్చేవాళ్లు అలా రారు. మేకు అంగుళం దిగినా వాళ్ల పాదానికి తెలియదు.

వాళ్లు కుష్ఠు వచ్చి తగ్గినవాళ్లు. మందులతో రోగం పోయింది గానీ పాదాల్లో స్పర్శ తిరిగి రాలేదు. భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, కన్యాస్త్రీలు నడిపే చిన్న దవాఖానా ఉంది. దాని వెనక రేకుల గదిలో శౌరయ్య పని. 1993లో పాతికేళ్ల వయసులో అక్కడికి వచ్చినప్పుడు, ఒక ముసలి సిస్టర్ మొదటి రోజు ఆయనకు నేర్పింది ఒక్కటే. ఆయన పెట్టెలోంచి మేకుల డబ్బా తీసి చేతికిచ్చి, వెళ్లి బావిలో పారేసి రమ్మంది. పారేశాక, ఇప్పుడు చెప్పు ఎలా కుడతావో చెప్పమంది. ఆయనకు జవాబు దొరకడానికి రెండు నెలలు పట్టింది.

పైన మెత్తటి నల్ల రబ్బరు, కింద టైరు, మధ్యలో గమ్ము, పక్కల దారంతో కుట్టిన తోలు పట్టీలు. మనిషిని పాత పేపరు మీద నిలబెట్టి పెన్సిలుతో పాదం చుట్టూ గీస్తాడు. వేళ్లు పోయిన పాదం, ఒక పక్కకు ఒరిగిన పాదం, మడమ ఒక్కటే మిగిలిన పాదం. ఆ కాగితాలన్నీ పేరు, తేదీ రాసి తీగకు గుచ్చి గోడకు వేలాడదీస్తాడు. చనిపోయినవాళ్ల కాగితాలు కూడా తీయడు. ఇప్పుడా గోడ మీద సగానికి పైగా వాళ్లవే.

ఒక జత ఎనిమిది నెలలు వస్తుంది. అందుకని శౌరయ్య ఎవరి గురించైనా ఏళ్లలో చెప్పడు, జతల్లో చెబుతాడు. ఫలానా ఆయన పదకొండు జతల మనిషి, ఫలానా ఆమె నాలుగో జత తొడగకముందే పోయింది అంటాడు. దుమ్ముగూడెం నుంచి వచ్చే పెద్దాయన ఒకరు తనకింకెన్ని జతలున్నాయని అడిగితే, కొలత వరకే తన పని, లెక్క పైవాడిదని చెప్పాడట.

జమ్లికి ఇప్పటికి ముప్పై ఒక్క జతలు. దగ్గరి తండాలో ఉంటుంది. శౌరయ్య కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆమె మొదటిసారి వచ్చిన రోజును ఆయన మరిచిపోలేదు. పత్తి చేలో కలుపు తీస్తుంటే పాత పత్తికట్టె మొదలు ఆమె రబ్బరు చెప్పును చీల్చుకొని అరికాల్లోకి దిగింది. పొద్దుగూకే దాకా పని చేసింది. మూడు కిలోమీటర్లు నడిచింది. కుక్క అడుగడుగునా నేలను నాకుతూ వెంట వస్తుంటే, దీనికేమైందని వెనక్కి తిరిగి చూసి అప్పుడు కాలు చూసుకుంది.

అంత దిగితే ఏడుపైనా రాలేదా అని శౌరయ్య అడిగాడు.

"నొప్పి లేదు గద తమ్మీ," అంది జమ్లి. "ఏడుద్దామన్నా దేనికని ఏడ్వాలె?"

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్తుంటే దారిలో కంకరరాయి తగిలింది. అరికాలి కింద చురుక్కుమంది. ఆయన అనుకోకముందే పాదం పక్కకు జరిగింది, బరువు రెండో కాలి మీదికి మారింది, నడుము వంగి సర్దుకుంది. రెప్పపాటులో ఇన్ని పనులు జరిగాయి, ఒక్కటీ ఆయన చేసింది కాదు. శౌరయ్య ఆగాడు. వెనక్కి వచ్చి అదే రాయిని మళ్లీ తొక్కాడు. మళ్లీ పాదం దానంతటదే తప్పుకుంది. చీకటి పడుతున్నా ఆ రోడ్డు మీద చాలాసేపు నిలబడిపోయానని, గుడిలో కూడా అంత భయభక్తులు ఎన్నడూ కలగలేదని ఆయన చెబుతాడు.

అప్పటి నుంచి ఇంట్లో సాయంకాలం జపంలో ఒక మాట చేరింది: నొప్పి ఇచ్చినందుకు నీకు స్తోత్రం. ఆయన భార్య ఆరోగ్యమ్మకు ఆ మాట నచ్చేది కాదు.

"జర మెల్లగ అనయ్యా," అనేది. "పక్కింటోళ్లకు గూడ పంపిస్తడు."

శౌరయ్యది మెత్తటి స్వభావం కాదు. రోజూ అద్దంలో అరికాళ్లు చూసుకోమని అందరికీ అరచేతి అద్దాలు పంచాడు. చూసుకోకుండా వచ్చినవాళ్లను పేరు పెట్టి తిట్టేవాడు, పుండుతో వచ్చినవాళ్లను ఇంకా తిట్టేవాడు. జమ్లి కూడా చాలాసార్లు తిట్లు తింది.

శౌరయ్యకు షుగర్ ఉందని ఆరేళ్ల కింద తెలిసింది. మాత్రలు గుర్తున్న రోజు వేసుకున్నాడు. కొన్నాళ్లకు అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. తడిగుడ్డ చుట్టుకొని పడుకునేవాడు. ఏడాదిన్నర పాటు వేధించి, రెండేళ్ల కింద ఉపవాస దినాలైన తపస్సు కాలంలో ఆ మంటలు వాటంతటవే పోయాయి. ఆయన సంతోషించాడు. ఉపవాసం ఉండి చేసిన ప్రార్థన ఫలించిందన్నాడు. స్వస్థతకు కృతజ్ఞతగా గుడిలో ఫాదర్‌తో పూజ చెప్పించాడు, బంధువులకు భోజనాలు పెట్టాడు. మధిరలో అంగన్‌వాడీ టీచరుగా చేసే కూతురు స్తుతి సెలవు పెట్టి వచ్చి వంట చూసుకుంది.

మంటలు తగ్గాయని వచ్చే రోగులకు ఇన్నేళ్లుగా ఆయన చెప్పిన మాట వేరు. మంట పోయిందంటే జాగ్రత్తపడు, నరం చచ్చిపోతోందేమో చూపించుకో అని చెప్పేవాడు. తన విషయంలో ఆ మాట గుర్తుకే రాలేదు.

ఈ ఏడాది ఈస్టరుకు ముందటి పవిత్ర వారంలో, సోమవారం, తోలు కుట్టే ఆరె మొన విరిగింది. ఎక్కడ పడిందో కనబడలేదు. మర్నాడు పాదాలు కొలిపించుకోవడానికి తొమ్మిది మంది రావాలి. ఎవరి కాల్లో దిగినా వాళ్లకు తెలియదు. శౌరయ్య వాళ్లను రావద్దని కబురు పెట్టి, గదిలో సామాను బయటవేసి, అయస్కాంతం పట్టుకొని మోకాళ్ల మీద నేలంతా వెతికాడు. దొరకలేదు. ఊడ్చిన చెత్తలో పోయి ఉంటుందనుకున్నాడు.

గురువారం సాయంత్రం పూజలో పాదాలు కడిగే కార్యం ఉంటుంది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు ఫాదర్ విచారణలోని, అంటే ఆ గుడి కిందికి వచ్చే ఊళ్లలోని, పన్నెండు మంది కుడి పాదాలు కడుగుతారు. అడవి ఊళ్ల వాళ్లు వెలుతురుండగానే ఇళ్లకు చేరాలని అక్కడ పూజ నాలుగింటికే పెడతారు. ఈసారి పన్నెండు మందిలో శౌరయ్య పేరు వచ్చింది. ఇన్నేళ్లూ ఆయన తప్పించుకునేవాడు. పాదాలు పట్టుకోవడం తన పని, పట్టించుకోవడం కాదనేవాడు. ఫాదర్ వినలేదు.

బెంచీ మీద ఆయనది ఎనిమిదో చోటు. ఏడుగురికి కుండలో చల్లటి నీళ్లు సరిపోయాయి. చెంబు ఖాళీ అయితే, పూజలో ఫాదర్‌కు సాయం చేసే ఉపదేశి గబగబా బయటికి వెళ్లి కుళాయి నీళ్లు పట్టుకొచ్చాడు. ఏప్రిల్ ఎండ. కుళాయికి వచ్చే నల్ల పైపు పొద్దుటి నుంచీ రేకుల మీద కాలుతూ పడి ఉంది. ఫాదర్ శౌరయ్య పాదం మీద నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచి, వంగి ముద్దుపెట్టారు. శౌరయ్య కళ్లు మూసుకొని ఉన్నాడు. ఫాదర్ పక్కకు జరిగి తొమ్మిదో మనిషి పాదం మీద అదే చెంబు వంచారు. ఆ మనిషి లూకా, రిటైరైన బస్సు డ్రైవరు. కాలు లటుక్కున పైకి తీసుకున్నాడు.

"కడుగుతున్నరా, ఉడకబెడుతున్నరా ఫాదర్?"

గుడంతా నవ్వింది. ఫాదర్ కూడా నవ్వి, చెంబులో వేలు ముంచి వెంటనే తీసేసి, చల్లటి నీళ్లు తెమ్మన్నారు.

శౌరయ్య నవ్వలేదు. కళ్లు తెరిచి తన పాదం వైపు చూశాడు. పైన చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఒకే చెంబు, ఒకే నీళ్లు. ముందు పోసింది తన మీద. వేల పాదాలను పరీక్షించిన మనిషికి ఇక ఎవరూ చెప్పాల్సింది లేదు.

పూజ ముగిశాక ఆయన ఇంటికి వెళ్లలేదు. పనిగదికి వెళ్లి, రోగులకిచ్చే అద్దం ఒకటి తీసి, గుమ్మంలో వెలుతురుకు కూర్చొని ఆ కుడి పాదం అరికాలు చూశాడు. బొటనవేలి మొదట్లో కాయకాచిన చర్మం నల్లబడి ఉంది. నొక్కితే చీము వచ్చింది. లోపల ఏదో మెరిసింది. పట్కారుతో లాగాడు. సోమవారం నేలంతా వెతికిన ఆరె మొన అది. లాగుతున్నప్పుడు చిన్న చురుకు కూడా లేదు.

దాన్ని అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. పుండు కంటే ముందు ఆయనకు పూజ గుర్తొచ్చింది. రెండేళ్ల కింద తాను పూజ చెప్పించింది, బంధువులను పిలిచి అన్నం పెట్టింది, కళ్లనీళ్లతో దేవునికి కృతజ్ఞత చెప్పింది దేనికో అప్పుడు తెలిసింది. నరాలు చచ్చిపోయినందుకు.

ఇంటికొచ్చి ఆరోగ్యమ్మకు ముందు ఆ సంగతే చెప్పాడు. తప్పు పూజ చెప్పించానన్నాడు. ఆమె కాలు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో భర్త అరికాలు చూడటం ఆమెకదే మొదటిసారి.

"పూజ సంగతి ఆయన జూసుకుంటడు," అంది. "నువ్వు బస్సెక్కు."

ఖమ్మంలో డాక్టరు బొటనవేలిని, పక్క వేలిని తీసేశాడు. విషం ఎముకకు పట్టిందని, నలుపు మడమ వైపు పాకితే మోకాలి కింద తీసేయాల్సి వస్తుందని, పది రోజులు చూద్దామని చెప్పాడు. చెప్పుల పని కూర్చునే చేస్తారు కదా, కట్టె కాలితోనైనా నడుస్తుందని ధైర్యం చెప్పబోయాడు. శౌరయ్య తల అడ్డంగా ఊపాడు. తోలును కుడి పాదంతో తొక్కిపట్టే ఆయన కోస్తాడు, లాగుతాడు, కుడతాడు. ఆ పాదం పోతే పని పోయినట్టే. దవాఖానాలో ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు.

మంచం మీద ఆయన మొదటిసారి తనను తాను జతల్లో కొలుచుకున్నాడు. డెబ్బై ఏళ్ల దాకా ఉంటే ఇంకా పందొమ్మిది జతలు. ఇన్నేళ్లూ ఆయుష్షు ఎంత ఉందో చూసుకోలేదని, ఇప్పుడు చూస్తే ఒక గూట్లో పట్టేంతే ఉందని స్తుతితో అన్నాడు.

ఆరో రోజు జమ్లి వచ్చింది. ఎన్నడూ భద్రాచలం దాటని మనిషి, మూడు గంటలు బస్సులో ఒంటరిగా వచ్చింది. కొంగులో తునికి పండ్లు తెచ్చింది. షుగర్ మనిషికి తీపి ఏందని ఆరోగ్యమ్మ అంటే, అయితే నువ్వు తిను అని ఆమె చేతిలో పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. శౌరయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇన్నాళ్లు తిట్టినందుకు సిగ్గుగా ఉందన్నాడు. అద్దాల పెట్టె పక్కనే పెట్టుకొని ఒక్క రోజూ చూసుకోలేదన్నాడు.

"ఎవరు జూసుకుంటరు తమ్మీ?" అంది జమ్లి. "నీకు భయపడి చూసుకుంటున్నమని చెప్తం గని, నా మోకాలు వంగుతదా, నా కన్ను ఆనుతదా? మా కోడలు చూస్తది. రోజు అన్నం తిన్నంక నా కాళ్లు దాని ఒళ్లె పెట్టుకుంటది. గందుకే గిన్ని జతలు తొడిగిన."

శౌరయ్య ఆమె వైపు తిరిగాడు. ముప్పై రెండేళ్లుగా ఎవరి కాళ్లు వాళ్లు చూసుకోమనే చెప్పాడు. పుళ్లు పడకుండా వచ్చినవాళ్లంతా ఎవరో ఒకరు చూస్తే వచ్చినవాళ్లని ఆయనకు తెలియదు. గోడ మీది ప్రతి కాగితం వెనక ఇంకో మనిషి ఉన్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు.

ఆ మర్నాటి నుంచి ఆరోగ్యమ్మ కట్టు మార్చేటప్పుడు గది బయటికి వెళ్లడం మానేసింది. మంచం కాళ్ల వైపు స్టూలు వేసుకొని కూర్చొని, విప్పిన పాదాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు చూసేది. నలుపు నిన్న ఎక్కడుందో, ఇవాళ ఎక్కడుందో కట్టు కట్టే మురళీకృష్ణకు ఆమే చెప్పేది.

పదో రోజు ఉదయం డాక్టరు చూసి నిర్ణయం చెప్పాలి. అంతకుముందు మురళీకృష్ణ కట్టు విప్పి, పుండు అంచున చచ్చిన కండ తీస్తున్నాడు. శౌరయ్య పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కత్తెర మడమ వైపు వచ్చింది.

"కదిలింది," అంది ఆరోగ్యమ్మ.

మురళీకృష్ణ ఆగి, తాను కదిలించలేదన్నాడు. మళ్లీ అక్కడే కత్తెర ఆనించాడు. పాదం వెనక్కి గుంజుకుంది. శౌరయ్య నోరు తెరుచుకుంది.

"అబ్బా."

"నొప్పా పెద్దాయనా?"

"అవ్," అన్నాడు శౌరయ్య. నుదుటి మీద చెమట పట్టింది. "నొప్పే."

దూది తీసి చూస్తే ఎర్రటి రక్తం. మురళీకృష్ణ డాక్టరును పిలిచాడు. డాక్టరు వంగి చూసి, మడమ దాకా రక్తం ఆడుతోందని, నలుపు ఆగిపోయిందని, ఇక కోయాల్సింది లేదని చెప్పి వెళ్లాడు. మిగిలిన మూడు వేళ్లతో, ఆ మడమతో తోలు తొక్కిపట్టొచ్చు.

ఆరోగ్యమ్మ అక్కడే నిలబడి స్తుతికి ఫోన్ చేసింది. "మీ నాయనకు నొప్పి పుట్టింది బిడ్డా," అంది. అవతల కూతురు భయపడినట్టుంది. "కాదే, మంచిగ పుట్టింది. గట్టిగ పుట్టింది. ఇగో, విను," అని ఫోన్ మంచం వైపు పట్టింది.

మురళీకృష్ణ మళ్లీ పని మొదలుపెట్టాడు. కట్టు పూర్తయ్యేదాకా శౌరయ్య అబ్బా అంటూనే ఉన్నాడు. ఎవరూ ఆయన్ను ఓర్చుకోమనలేదు.