ఖాజా కార్డు ఎందుకు ఆగలేదు

2007, మే నెల. కడపలో నా కంప్యూటర్ షాపుకు ఎదురుగానే ఖాజా షాపు. ఇద్దరమూ ఒకే డీలరు దగ్గర ఒకే చవకరకం గ్రాఫిక్స్ కార్డు తెచ్చి అమ్మేవాళ్లం. గేముల్లో బొమ్మలు సాఫీగా కదలాలంటే ఆ కార్డు ఉండాలి. డబ్బా అదే, ధర అదే. అయినా పిల్లలంతా అతని మెట్లే ఎక్కేవారు. నా సొంత బామ్మర్ది కూడా అక్కడే కొని, ఆ డబ్బా ఊపుకుంటూ నా ముందునుంచే పోయాడు. తాతల కాలం నుంచి బేరాల్లో ఓడని ఇల్లు మాది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

“ఖాజాన్న కార్డే సూపరు” అనేవారు అందరూ. ఎందుకని నేను అడగలేదు. ఎదురు షాపు సరుకు గురించి ఆరా తీస్తే మా శెట్లకు పరువు తక్కువ. ఓవర్‌క్లాకింగ్ చేస్తున్నాడని నాకు నేనే తేల్చుకున్నాను. అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో పెంచడం. వేగంతోపాటు వేడీ పెరుగుతుంది.

ఇంతలో ఓబులేసు వచ్చాడు. ఎర్రగుంట్లలో చాలా కంప్యూటర్లతో గేమ్ సెంటర్ తెరుస్తున్నాడు, అన్నిటికీ కార్డులు కావాలి. “ఇద్దరూ చెరొక కార్డు తెచ్చి పెట్టండప్పా. మధ్యాన్నమంతా ఏది ఆగకుండా ఆడితే, ఆర్డరంతా ఆ షాపుకే” అన్నాడు. నా షాపులో అంత పెద్ద ఆర్డరు ఎన్నడూ పడలేదు. అది ఖాజాకు పోతే నేను షట్టరు తీయడమే అనవసరం అనిపించింది.

షాపులో చల్లగాలి కొట్టే ఎయిర్ కూలర్ ముందు కూర్చుని నా కార్డు వేగం పెంచాను. గుర్రంలా పరిగెత్తింది.

ఎర్రగుంట్లలో సెంటరంటే రేకుల షెడ్డు. పక్కపక్క కంప్యూటర్లలో మా ఇద్దరి కార్డులూ బిగించి ఒకే గేము పెట్టారు. మొదట్లో నాదే ముందు. “శెట్టీ, నీది దౌడు తీస్తాండాదే!” అన్నాడు ఓబులేసు. నేను ఖాజా వైపు చూసి మీసం సవరించుకున్నాను. మధ్యాహ్నం రేకులు కాలేసరికి నా తెర మీద రంగురంగుల చుక్కలు మొదలయ్యాయి. ఆ తర్వాత బొమ్మ బిగుసుకుపోయింది. కార్డు మీది హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే లోహపు రేకు, ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఖాజాది మాత్రం నింపాదిగా ఆడుతూనే ఉంది.

“ఏమప్పా ఖాజా, నీది వేరే కార్డు! మోసం!” అన్నాను.

అతను నవ్వి సెట్టింగ్స్ తెరిచాడు. వేగం కంపెనీ పెట్టినదానికన్నా తక్కువ ఉంది.

“తగ్గించినావా?”

“మన ఎండకు అంతే శెట్టన్నా. పోయిన ఎండాకాలం నేనూ పెంచి శానా కార్డులు కాల్చుకున్నా. అడిగింటే అప్పుడే చెప్తాంటి కదన్నా.”

ఆర్డరు అతనికే పోయింది. తిరుగు బస్సు దొరక్క అతని బండి వెనకాలే కడపకు బయల్దేరాను. నింపాదిగా నడుపుతున్నాడు. “కొంచెం స్పీడు పెంచప్పా” అనబోయి నోరు మూసుకున్నాను.

ఆనాటి నుంచి ఏ కార్డునైనా మిట్టమధ్యాహ్నం, కూలర్ ఆపి పరీక్షించాకే అమ్ముతున్నాను. కస్టమరు ఎదురు షాపును పొగిడితే, పళ్లు బిగబట్టుకునైనా, ఎందుకని అడుగుతున్నాను.