బావ చేసిన కొక్కెం

మా బావ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ముందుగది ఆయన దుకాణం, వెనకగదిలో అక్క కుట్టుపని. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం అక్కకు కష్టమైనప్పుడు, బావ సన్నని తీగ వంచి ఆవిడ మిషన్‌కు ఒక కొక్కెం బిగించాడు. మీట నొక్కితే అది సూది బెజ్జంలో దూరి దారాన్ని ఇవతలికి లాగేది.

"అయితే ఇక నాతో పనిలేదన్నమాట," అన్నాడు బావ.

"ఉంటుంది లెండి, కూరగాయలు ఎవరు తెస్తారు?" అంది అక్క.

పేటెంటు తీసుకోమని తెలిసిన లాయరు చెప్పాడు. దరఖాస్తు పెట్టేలోగా బయటివాళ్ల కంట పడితే హక్కు రాదన్నాడు. అక్క గదికి కొలతలివ్వడానికి మనుషులు వచ్చిపోతుంటారు. బావ కొక్కెం విప్పి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పేటెంటు వచ్చింది. సొంతంగా తయారుచేసి అమ్మే స్తోమత లేక, ఒక పెద్ద మిషన్ల కంపెనీకి హక్కులు రాసిచ్చాడు. ఆ కొక్కెం కూడా వాళ్లే పట్టుకెళ్లారు. వచ్చిన డబ్బుతో కారుతున్న ఇంటికప్పు బాగుపడింది. కంపెనీ మాత్రం దాన్ని తయారుచేయలేదు. పాత మిషన్లు బాగానే అమ్ముడవుతున్నాయి. ఇంకెవరూ చేయకుండా ఉంటే వాళ్లకు చాలు.

"ఇంట్లో నాకొక్కటి చేసిపెడితే ఎవడొచ్చి చూస్తాడండీ?" అంది అక్క.

"ఎవరూ చూడరు. చెయ్యనని సంతకం పెట్టింది నేనే కదా."

"అయితే ఆ సంతకాన్నే పిలవండి, దారం ఎక్కిస్తుంది."

బావ నవ్వలేదు. చేతిలో పని పక్కన పెట్టి, వెనకగదిలోకి వెళ్లి దారం ఎక్కించి వచ్చాడు. ఆ తర్వాత ఏళ్లతరబడి అదే. "ఏమండీ" అని వినబడేది, ఆయన లేచేవాడు. కోపం రాలేదా అని ఒకసారి అడిగాను.

"ఎవరిమీద?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. కొత్తది మళ్లీ ఏదీ చేయలేదు.

పేటెంటు గడువు తీరింది, ఇక ఆ కొక్కేన్ని ఎవరైనా చేసుకోవచ్చు. ఆ కాగితాల్లో బావ గీసిన బొమ్మలు ఎవరైనా చూడవచ్చు. వాటిని చూసి ఒక చిన్న కంపెనీ కొక్కెమున్న మిషన్లు చేసింది. ఒకటి కొని తెచ్చాను. బావ కళ్లజోడు సర్దుకుని మీట నొక్కాడు.

"ఎలా ఉంది బావా?"

"వంపు సరిగ్గానే తీశారు."

అప్పటికి అక్క తడుముకుంటూ దిండు గలీబులు మాత్రమే కుట్టేది. బావ ఆవిడ వేలు పట్టుకుని మీట చూపించాడు. దారం ఎక్కింది. కాసేపు మిషన్ చప్పుడు వినబడి ఆగిపోయింది.

"ఏమండీ, దారం తెగింది."

బావ లేచి వెళ్లాడు.