ఆలూరులో చెప్పిన జెట్ పాఠం

సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ కొత్తగా ఉచితమైన రోజులవి. కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఎమ్మెస్సీలో దూరపు గెలాక్సీల నడిబొడ్డు నుంచి మహావేగంతో చిమ్ముకొచ్చే జెట్ల మీద ప్రాజెక్టు చేశాను. దానివల్ల కాలేజీకి జరిగిన మేలు, కరపత్రంలో నా డిగ్రీ కాస్త పొడుగ్గా కనబడటం.

వేసవిలో మాకు పాఠాలుండవు, జీతమూ ఉండదు. టెన్త్ పాసైన పిల్లల ఇళ్లకు తిరిగి అడ్మిషన్లు తేవాలి. తెచ్చినవాళ్లకు జూన్‌లో క్లాసులు, తేనివాళ్లకు విశ్రాంతి. మే నెల ముగుస్తున్నా నా వంతుకు ఒక్కరూ రాలేదు. ఒక్కరినైనా తేకపోతే శ్రమపడి కాలేజీకి రావద్దని కరస్పాండెంటు మర్యాదగానే చెప్పాడు.

కెమిస్ట్రీ లెక్చరర్‌తో కలిసి ఆలూరు పోయాను. ఆయన అప్పటికే బస్సు నిండా పిల్లల్ని చేర్చినవాడు. అక్కడ ఒక ఇంటి అడ్మిషన్ నాకు వదిలేస్తానన్నాడు. విత్తనాల అంగడి శెట్టిగారి ఇల్లది. కూతురికి మంచి మార్కులు. ఇంజనీరింగ్ సీటు ఖాయమని మావాడు నా తరఫున చెబితే, శెట్టిగారు దాదాపు ఒప్పుకున్నారు. అంతలో ఆ పిల్ల పేపరు ముక్క పట్టుకొచ్చింది.

"సార్, గెలాక్సీ జెట్టు వెలుతురు కన్నా జోరుగా పోతాందని రాసినారు. మా పుస్తకంలో ఏదీ పోదని ఉండాది. ఏది నిజం?"

మావాడు నా కాలు తొక్కాడు. కానీ ఎమ్మెస్సీ వైవా తర్వాత నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

శనక్కాయల లారీతో చెప్పాను. లారీ ఆలూరులో బయల్దేరుతూ ఒక మోటార్‌సైకిల్ మీద కర్నూలుకు కబురు పంపింది. దారిలో కోడుమూరు చేరాక అలాంటి బండి మీదే ఇంకో కబురు పంపింది. మొదటి బండికీ లారీకీ వేగంలో తేడా కొంచెమే. అందుకే రెండు కబుర్లూ కర్నూలుకు వెంటవెంటనే చేరాయి. అక్కడ కూర్చున్నవాడు ఆ కాస్త వ్యవధిలోనే లారీ ఆలూరు నుంచి కోడుమూరుకు ఎగిరొచ్చిందనుకుంటాడు. జెట్టూ అంతే, తన వెలుతురు వెనకే దాదాపు మనవైపే వస్తుంది. కాంతిని దాటదు, దాటినట్టు కనబడుతుంది.

"అంటే లారీ తప్పు గాదు, ఆడ కూచోని లెక్కగట్టినోనిది," అన్నారు శెట్టిగారు. నా విద్యార్థులెవరూ అంత త్వరగా పట్టుకోలేదు.

ఇవన్నీ కాలేజీలో చెబుతారా అని పిల్ల అడిగింది. మొత్తం చెబుతామన్నాడు మావాడు. శెట్టిగారు నా వైపు తిరిగారు. సిలబస్‌లో లేదని, బిట్లు బట్టీ పట్టిస్తామని చెప్పాను.

"లేని సరుకు శాంపిల్ ఎందుకు సూపించినావప్పా? మా అంగట్లో అట్ల చేస్తే రైతులు ఊరుకోరు."

"మరి యాడ చెప్తారు సార్?" అంది పిల్ల.

డిగ్రీ తర్వాత యూనివర్సిటీలో అన్నాను.

"ఆడ అది సదివినోల్లు ఏమైతారప్పా?"

జవాబుగా నేనే ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆయన నన్ను చూశారు, గుమ్మం బయట విడిచిన నా చెప్పులనూ చూశారు.

నేను బస్టాండుకు వచ్చేశాను. కాసేపటికి మావాడు నింపిన అప్లికేషన్‌తో వచ్చాడు. నిన్ను చూశాకే శెట్టిగారు ఇంజనీరింగ్‌కు గట్టిగా నిర్ణయించుకున్నారన్నాడు. సంతకం మావాడు తీసుకున్నాడు గనక అడ్మిషన్ అతని వంతుకే పోయింది. జూన్‌లో నాకు విశ్రాంతి దొరికింది.

వానలు పడాల్సిన ఆగస్టులో మావాడు రోడ్డు మీద కలిశాడు. ఆ పాప క్లాసులో ఫస్టట. మొదట్లో ఏదేదో అడిగేదట, ఇప్పుడు పూర్తిగా దారిలో పడిందని సంతోషంగా చెప్పి, నాకు టీ తాగించాడు.